చారలు మాసిన చేప

ఖాదర్‌వలీ తెచ్చిన చేప తిండి ముట్టి తొమ్మిది రోజులైంది.

నల్లమల అంచున ఒక ఖాన్కాలో, అంటే సూఫీల మఠంలో, పీర్ సాహెబ్ దగ్గర ఉండే శిష్యుడతను. వాగు రాళ్ళకింద దూరి బతికే లోచ్ చేపల్ని తెచ్చి గాజుతొట్టిలో పెంచేవాడు. చూడగానే రకం చెప్పేవాడు. చెప్పింది తప్పేది కాదు. ఆ సంగతి వచ్చిన ప్రతివాడికీ చెప్పుకునేవాడు కూడాను.

ఈ చేప మాత్రం అతనికీ కొత్తే. వేలెడు పొడవు, నోటిచుట్టూ మీసాలు, ఒంటిమీద ఎనిమిది చారలు. ఎవరూ ఎరగని రకమని నమ్మి, చేపల పండితుడొకాయన్ని శుక్రవారం రమ్మని ఫోన్ చేశాడు. తీరా ఇప్పుడు చేప పాలిపోయింది. మూడు చారలు కూడా సరిగ్గా కనిపించడం లేదు. రోజుకు పదిసార్లు రాయెత్తి, టార్చి వేసి లెక్కపెడుతున్నాడు.

"పెళ్ళిచూపుల్లో పిల్లనైనా ఇన్నిసార్లు లేపి కూర్చోబెట్టరు కదరా!" అంది వంట చూసే పీరమ్మ.

"నీకేం తెలుసు ఖాలా? లెక్క తప్పితే నా మాట పోతుంది."

చివరికి గురువు దగ్గరికే వెళ్ళాడు. "హజ్రత్, ఇది నేను తెచ్చిన చేపేనా? లేక ఆనాడు నా కళ్ళే మోసపోయాయా?"

పీర్ సాహెబ్ అతని చేతిలోని టార్చి తీసుకున్నారు. ఎదురుగా కూర్చోమన్నారు. వెలిగించి, సూటిగా అతని కళ్ళలో వేశారు.

"ఎవరు నువ్వు?"

"హజ్రత్... నేను..." చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"చెయ్యి తియ్యి బేటా. ఎవరు నువ్వు? ఎవరి కొడుకువి?"

కళ్ళవెంట నీళ్ళు కారాయి. తండ్రి పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

ఆయన టార్చి ఆర్పి తన జేబులో వేసుకున్నారు.

ఖాదర్‌వలీ లేచి, తొట్టి అడుగున తాను పోసిన పదునైన కంకర తీసేశాడు. వాగునుంచి మెత్తటి ఇసుక తెచ్చి, కడిగి పరిచాడు. రెండు పెంకులు ఆనించి నీడ చేశాడు. నాలుగు వానపాము ముక్కలు వేసి, తొట్టిమీద దుప్పటి కప్పాడు.

మర్నాడు శుక్రవారం. పండితుడు చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

"మూడు బస్సులు మారానయ్యా! ఏదీ, ఆ దుప్పటి ఒక్కసారి ఎత్తు. నిజంగా కొత్త జాతే అయితే నీ పేరే పెట్టొచ్చు."

ఖాదర్‌వలీ చెయ్యి తొట్టిదాకా వెళ్ళింది. దుప్పటి అంచు కొంచెం తొలగించి చూశాడు. పెంకు నీడలోంచి మీసాలు బయటికి వచ్చాయి. ఇసుకను తడుముకున్నాయి. చేప ఒక ముక్కను నోట పట్టి లోపలికి లాక్కుంది.

గది మూల కూర్చున్న గురువు వైపు చూశాడు. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు.

ఖాదర్‌వలీ దుప్పటి మెల్లగా దించాడు.

"మన్నించండి సార్," అన్నాడు గొంతు తగ్గించి. "ఇప్పుడే అన్నానికి కూర్చుంది."