కొంగ చేసిన చేపల లెక్క

పులిదారి వాగంటే అలాంటి ఇలాంటి వాగు కాదు. వాన పట్టిందంటే దాని హోరుకి తొమ్మిది కొండల అవతల ఏనుగులు చెవులు మూసుకునేవి. అలాంటి వాగుకి రెండు బండల మధ్య అడ్డుకట్ట వేద్దామని నక్క బయలుదేరింది.

"ఏడాది పొడుగునా నీళ్లుంటాయి పెద్దయ్యా. తమరు తనివితీరా పొర్లొచ్చు," అంది అడవిదున్నతో. కట్ట కింద ఎండిపోయే మడుగుల్లో చిక్కిన చేపలన్నీ తన నోటికేనన్న మాట మాత్రం అనలేదు.

దున్న ఆ అడవికి పెద్ద. బురదంటే ప్రాణం పెట్టేది, కానీ కట్టుబాటు తప్పేది కాదు. వాగు మూసేముందు అందులో పుట్టి పెరిగే చేపల పేర్లన్నీ సభలో చదవాలి. కొత్తనీటికి ఎదురెక్కే చేప ఒక్క రకమున్నా కట్టలో దారి వదలాలి. అదీ కట్టుబాటు.

చిక్కే చేపల్లో వాటా ఆశ చూపి, లెక్కకి నక్క కొంగని పెట్టించింది. కొంగ మూడు రోజులు మడుగులో ఒంటికాలి మీద నిలబడింది. ఎంత కదలకుండా నిలబడిందంటే, దాని కాలికి నాచు పట్టి, ఆ నాచుకి పూత కూడా వచ్చింది.

నాలుగో రోజు సభలో చదివింది. "కొర్రమీను. జెల్ల. బొమ్మిడాయి. అంతే. మూడూ ఉన్నచోటే ఉండేవి."

నీటి అంచున తాబేలవ్వ మెడ చాచింది. నూటపాతిక వానలు చూసిన మెడ అది. ఆ మడుగులోని పరిగెలనే చిట్టి చేపలు అవ్వ డిప్ప నీడలోనే పెరిగాయి. తొలకరికి అవి పైనున్న గులకరాళ్ల దాకా ఎక్కితేనే గుడ్లు పెడతాయి. దారి మూస్తే వాటి జాతే మిగలదు.

"పరిగెల పేరు రాలేదేం?" అంది.

"నాకు కనబడలేదవ్వా," అంది కొంగ.

"చూసొచ్చినవాడి మాట వినాలా, నీళ్లలో కునికే ముసలమ్మ మాట వినాలా?" అని నక్క నవ్వింది. రాళ్లు దొర్లించమని చెప్పడానికి దున్న తల ఎత్తింది.

వాదిస్తే అవ్వ నెగ్గేది కాదు. గొంతు మెత్తబరిచింది.

"పోనీలే నాయనా. మూడు రోజులు పస్తులున్నావు, కళ్లు ఆనలేదేమో. నీకు వేట కుదరడం లేదని కాకిపిల్లలు కూడా చెప్పుకుంటున్నాయి."

కొంగ ఈకలు నిక్కబొడుచుకున్నాయి. "ఎవరవ్వా పస్తులున్నది? పూటకి నలభై మింగాను. ముక్కు పెడితే రెండేసి."

"కబుర్లు చెప్పకు. నీ గొంతు దిగేంత చిన్న చేప ఒక్కటీ లేదని ఇప్పుడే చదివావుగా."

"ఎందుకు లేదు? పరిగెలు లేవూ, వెండిరేకుల్లా..."

కొంగ ముక్కు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

నక్క సర్దబోయింది. "మింగినవి వాగులో లేనట్టేగా పెద్దయ్యా. లెక్క తప్పేం కాదు."

దున్న కొమ్ములు విదిలించింది. "నడిపాయలో దారి వదలండి," అంది. "నక్కా, కట్టకి రాళ్లు నువ్వే మొయ్యి."

వదిలిన సందులోంచి నీళ్లు పారుతూనే ఉన్నాయి. కింద మడుగులు ఎండలేదు. నక్కకి భుజాలు కాయలు కాయడమే మిగిలింది.

తొలకరికి తాబేలవ్వ ఆ సందు పక్కన కూర్చుంది. నిరుడు పరిగెలు ఎదురెక్కుతుంటే ఆ మెరుపుకి సూర్యుడే కళ్లు చిట్లించాడు. కొంగ మింగగా మిగిలి, ఈసారి ఎక్కినవి ఏడు. చివరిది రెండుసార్లు జారి, మూడోసారి దాటింది. అప్పటిదాకా అవ్వ మెడ లోపలికి తీసుకోలేదు.

నీతి: లెక్క చెప్పేవాడి మాట నమ్మేముందు వాడి ఆకలి ఏమిటో అడగాలి.