రాహేలమ్మ ఇంటి డిసెంబరు కూటం

కాలవ గట్టు పక్క సరుగుడు తోటలో జంతువులకు ఒక సంఘం ఉండేది. మనుషులు వదిలేసిన పెంకుల షెడ్డే వాళ్ళ మందిరం. ముసలి ఎద్దు జకర్యా అయ్యగారు బైబిలు వాక్యం చెప్పేవారు. మేక సలోమమ్మ పాటలు ఎత్తుకునేది. నక్క బర్నబా కార్యదర్శి. కార్యదర్శి అంటే పని చేసేవాడని మీరనుకుంటే, సంఘాల సంగతి మీకు తెలియదన్నమాట. బర్నబా పని రాయడం.

ఏటా జనవరి మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక, పోయిన ఏడు ఎలా నడిచిందో చూసుకుని కొత్త ఏడుకి ప్రణాళిక వేసుకునేవారు. మట్టలాదివారం ఏర్పాట్లు ఎవరివి, కోతపండుగ ఎప్పుడు, ఏ నెల ఎవరింట్లో ప్రార్థన కూటం. ఉన్నవి పన్నెండు ఇళ్ళు, పన్నెండు నెలలు. దేవుడే కుదిర్చాడని అయ్యగారు మురిసిపోయేవారు.

నెలలు పంచేది మాత్రం బర్నబా. విందు బాగా పెట్టే ఇళ్ళకు మంచి నెలలు. తనింటికి జోరువానల జూలై, రమ్మని పిలిచినా ఎవరూ రారు. అన్నీ పంచగా మిగిలే డిసెంబరు, గాడిద రాహేలమ్మది.

రాహేలమ్మ తోట చివర, చాకిరేవు అవతల ఒక పాకలో ఒంటరిగా ఉండేది. దారంతా బురద, పెట్టేది ఉడికించిన ఉలవలు. పైగా డిసెంబరంటే క్రిస్మస్ పాటల ప్రాక్టీసు, నక్షత్రం కట్టడం, నాటకం. ఆ హడావుడిలో ఇంటి కూటం ఎవరికి గుర్తుంటుంది? మొదటి ఏడు ఆమె పాక అలికి, గడ్డి పరిచి, ఉలవలు ఉడకబెట్టి, పొద్దుగూకే దాకా దారి చూసింది. ఎవరూ రాలేదు. ఆ ఉలవలు మూడు రోజులు తనే తిన్నది. గాడిదకు ఉలవలంటే ప్రాణమే, అయినా రుచి తెలియలేదు.

"వదినా, మొన్న మా ఇంటికి ఎవరూ రాలేదు," అంది సలోమమ్మతో.

"అయ్యో, గుర్తు చేయొద్దూ? అడగందే అమ్మైనా పెట్టదు."

రెండో ఏడు వెళ్ళి బర్నబాకు గుర్తు చేసింది.

"నీ కూటం క్రిస్మస్‌లో కలిపేశాంలే రాహేలమ్మా. ఒకే దెబ్బకు రెండు పిట్టలు," అన్నాడు బర్నబా.

క్రిస్మస్ రోజు నిండు మందిరంలో వెనక వరసలో కూర్చుని, ఇదే మా ఇంటి కూటం అనుకోవాలని చూసింది. అనుకోవడం ఆమెకు చేతకాలేదు. మూడో ఏడు ఎవరికీ గుర్తు చేయలేదు.

మళ్ళీ జనవరి వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో అయ్యగారు ఇళ్ళకు వెళ్ళడం ఎప్పుడో మానేశారు, బర్నబా కాగితమే ఆయనకు కళ్ళు. ఈసారి ఒక్క ఇల్లూ తప్పకూడదని ముందే గట్టిగా చెప్పి ఉన్నారు. బర్నబా గొంతు సవరించుకుని చదివాడు.

"నవంబరు, బాతుల ఇల్లు, జరిగింది. డిసెంబరు, రాహేలమ్మ ఇల్లు, జరిగింది. పన్నెండుకు పన్నెండు."

అందరూ చప్పట్లు కొట్టారు. నేను వెళ్ళలేదు గానీ మిగతావాళ్ళు వెళ్ళే ఉంటారని ఎవరికి వారే అనుకున్నారు. వెనక వరసలోంచి రాహేలమ్మ లేచింది. ఆ సమావేశంలో ఆమె గొంతు ఎవరూ ఎన్నడూ వినలేదు.

"కార్యదర్శి గారూ, మా ఇంటికి ఎవరొచ్చారండీ?"

నక్క తడబడలేదు. "నేనే వచ్చాను. నువ్వు లేవు. గుమ్మంలో నిలబడి ప్రార్థన చేసి వచ్చేశాను. అదీ కూటమే కదా, ఏం అయ్యగారూ?"

"తలుపు వేసి ఉందా బాబూ?"

"దగ్గరకు వేసి ఉంది."

"కాసేపు కూర్చోలేకపోయారా?"

"కూర్చున్నానమ్మా. నీ పాకలో నీడ ఎంత చల్లగా ఉంటుందనీ."

"మంచిది," అంది రాహేలమ్మ. "నవంబరు తుఫానుకు ఆ పాక కూలిపోయింది. తలుపు కాలవలో కొట్టుకుపోయింది."

నక్క కాగితం వైపు చూశాడు.

"మరి నువ్వెక్కడ ఉంటున్నావు వదినా?" అంది సలోమమ్మ.

"ఇక్కడే, ఈ గోడ వెనక. ఆరు వారాలైంది. తుఫానుకు లేచిపోయిన మందిరం పెంకులు మళ్ళీ వేశారే, అవి మోసింది నేనేగా. పని అయ్యాక అందరూ ఇళ్ళకు వెళ్ళారు. నువ్వెక్కడికి వెళ్తావని ఎవరూ అడగలేదు. మీ పాటలు గోడ అవతల నుంచి విన్నాను. బాగా పాడారు."

జకర్యా అయ్యగారు కష్టం మీద లేచారు. "బర్నబా, ఇక నువ్వు రాయొద్దు. ఇంటింటికీ వెళ్ళి తలుపు తట్టి రా, చాలు," అని ముందు నడిచారు. మందిరం చుట్టి వెనక్కి వెళ్ళడానికి ఇరవై అడుగులు కూడా లేవు. చింకి గోనె మీద, తడి నేల మీద, అందరూ ఇరుక్కుని కూర్చున్నారు. సలోమమ్మ పాట ఎత్తుకుంది. రాహేలమ్మ పాడలేక ఏడ్చేసింది.

"ఏడవకు వదినా."

"ఏడవనీ. మూడేళ్ళది."

బర్నబా కాస్త ఎడంగా, కాగితం చేత పట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమని అతనితో ఎవరూ అనలేదు. అప్పుడు తెలిసొచ్చింది నక్కకు, పిలవని చోట నిలబడితే ఎలా ఉంటుందో.

నీతి: కాగితం మీద కూటం జరిగినంత మాత్రాన గుమ్మం తొక్కినట్టు కాదు.