తడిమట్టిలో పాదం

“గురువుగారూ, అందరికన్నా ఎక్కువ సాధన చేస్తన్నాను. మరి రోజురోజుకీ నీరసించిపోతన్నానేటి?”

సోమవారం పొద్దున్నే నూకరత్నం ఇలా అడిగింది, కుస్తీ గురువు సన్యాసిరావుని. అడిగిందే తడవుగా చెప్పడం ఆయన అలవాటు కాదు. “ముందు గోదాలోకి దిగండి,” అన్నాడు అందరితో.

కుస్తీలు నేర్పే ఆ గరిడీలో ఒక కట్టుబాటుంది. శనివారం సాయంత్రం గోదా మట్టిని తవ్వి, మజ్జిగా నూనే పసుపూ కలిపి వదిలేస్తారు. ఆదివారం అందులో ఎవరూ కాలు పెట్టకూడదు. మట్టి తనంతట తాను గుల్లబారాలి.

నూకరత్నం కాలు పెట్టింది. జిల్లా పోటీల్లో వెల్లకిలా పడిన నాటినుంచీ ప్రతి ఆదివారం పెడుతూనే ఉంది. ఊరికే కూర్చుంటే చాలు, ఆనాటి ఈలలు చెవుల్లో మోగేవి. పైగా ఒకసారి గురువుగారే నలుగురిలో అన్నారు, “రత్నానికి అలుపంటే తెలీదు. దాన్ని చూసి సిగ్గు తెచ్చుకోండర్రా!” అని. ఆ మాట నిలబెట్టుకోవద్దూ? అందుకే సత్తువ లేకపోయినా తడిమట్టిని ఒక్కతే గంటలకొద్దీ తొక్కి, పోతూ పోతూ పైన ఇంత పొడిమట్టి జల్లేది.

ఆ రోజు జోడీ సత్యవేణి. పది రోజుల్లో రాష్ట్రం పోటీకి వెళ్లాల్సిన పిల్ల. “ఏటే, కళ్లు పీక్కుపోయాయి? నన్ను పడేస్తావా, నా మీద పడి నిద్రోతావా?” అని నవ్వింది. రత్నానికి ఎక్కడలేని రోషం వచ్చింది. ఎత్తి విసిరింది.

మెత్తగా చప్పుడు రావలసిన చోట ఠక్కుమంది. సత్యవేణి మోచెయ్యి పట్టుకుని మెలికలు తిరిగిపోయింది.

ఆ పిల్లని ఆసుపత్రికి పంపించాక, గురువు గోదాలోకి దిగి పొడిమట్టిని చేత్తో పక్కకు తోశాడు. అడుగునుంచి ఇటుకలా గట్టిపడిన పెళ్ల ఒకటి పైకి తీశాడు. దాని మీద మడమా, ఐదు వేళ్లూ అచ్చుపడి ఉన్నాయి. ఎవరిదని ఆయన అడగలేదు. నూకరత్నం ఒక పాదాన్ని రెండో పాదం వెనక్కి లాక్కుంది. రెండోదాన్ని ఎక్కడ దాచుకుంటుంది?

“నాదే, గురువుగారూ. దాని పోటీ నానే పాడుచేశాను.”

చెంపదెబ్బ కోసం ఎదురుచూసింది. కొట్టినా బాగుండేది. ఆయనే తల దించుకున్నాడు.

“మట్టికి ఆదివారం సెలవిచ్చాను,” అన్నాడు. “నీకు మెప్పిచ్చాను.”