మట్టిగోడ అవతల

అనగా అనగా, గాలి వీస్తే చాలు, వీధులన్నీ సంపెంగ వాసన వేసే ఒక నగరం ఉండేది. అక్కడ మకరందుడనే అత్తరు వర్తకుడూ, అతని భార్య చారుమతీ ఉండేవారు. చారుమతికి ఆరో నెల. మకరందుడేమో త్వరలో అత్తరు బుడ్లు బండికెత్తుకుని దూరదేశం పోవాలి. ఆలోగా పన్నీటివీధిలో ఒక ఇల్లు కొనాలి. అతను తిరిగొచ్చేదాకా ఆ ఇంట్లో చారుమతి ఒక్కతే ఉండాలి.

ఆ వీధిలో మూడు ఇళ్లు అమ్మకానికి ఉన్నాయి.

ఆ నగరంలో ఒక ఆచారం. కొత్తింట్లో మొదటి పొయ్యి పక్కింటి నిప్పుతోనే రాజెయ్యాలి. ఇల్లు కొన్నాక నిప్పు అడగడం అందరూ చేసేదే. చారుమతి మాత్రం కొనకముందే అడగాలనుకుంది.

మొదటిది రాతిమేడ. స్తంభాల మీద చెక్కిన హంసలు ఇప్పుడో అప్పుడో ఎగిరిపోయేలా ఉన్నాయి. మకరందుడు కన్నార్పకుండా చూస్తుంటే గోడ మీద బల్లి పలికింది.

"చూశావా చారూ, బల్లి కూడా కొనమంటోంది."

"నొప్పులొస్తే బల్లి పురుడు పోస్తుందా అండీ?" అని చారుమతి నిప్పు కోసం పక్కింటి తలుపు తట్టింది.

తలుపు తెరుచుకోలేదు. కిటికీలోంచి ఒక పెద్దమనిషి చూశాడు.

"నిప్పూ లేదు, నీళ్లూ లేవు. ఇక్కడ ఎవరి బతుకు వాళ్లది. ఆ మేడలో ఇదివరకు ఒకావిడ ఉండేది. జ్వరంతో పడి, మంచినీళ్లు, మంచినీళ్లు అని పిలిచింది. తర్వాత పిలవడం మానేసింది."

"మీకు వినబడలేదా అయ్యా?"

"వినబడింది," అన్నాడాయన తాంబూలం నములుతూ.

పిలుపు వినబడి కూడా లేవని మనిషి ఉంటాడా? చారుమతి ఆ హంసల వైపు మళ్లీ చూడకుండా నడిచింది.

రెండోది విరజాజి పందిరి ఇల్లు. పక్కింటావిడ ఎదురొచ్చి పీట వేసింది, బొట్టు పెట్టింది, బంగారుతల్లీ అంది. నిప్పు అడగ్గానే ఆవిడ మొహం వాడిపోయింది.

"ఇవాళ శుక్రవారం కదమ్మా, నిప్పిస్తే లక్ష్మి వెళ్లిపోతుంది."

"రేపు రానా పిన్నిగారూ?"

"రేపు శనివారం. ఎల్లుండి అమావాస్య."

అంత తియ్యటి నోరు, అంత ఖాళీ చెయ్యి. చారుమతి పీట మీంచి లేచింది.

మూడోది చిన్న మట్టిల్లు. "ఈ గోడ నానితే చెయ్యి పెట్టిన చోట చెయ్యి దూరుతుంది," అని మకరందుడు పెదవి విరిచాడు. గోడ అవతల పేరిందేవి అనే అవ్వ రోకలితో పసుపు దంచుతోంది. నిప్పు అడగ్గానే కసిరింది.

"వట్టి చేతులతో వచ్చావేం పిల్లా? అరచేతిలో పొయ్యనా?"

"శుక్రవారం అవ్వా, పర్లేదా?"

"పొయ్యికి వారమేమిటే? కడుపుతో ఉన్నావు, ముందు కూర్చో."

అవ్వ పెంకులో నిప్పులు తెచ్చి, మట్టింట్లో పొయ్యి తనే రాజేసింది. పొగ వస్తోందని ఇంటిని తిట్టింది. పనిలో పనిగా మకరందుణ్ణీ తిట్టింది.

"ఇల్లింకా కొనలేదవ్వా," అంది చారుమతి.

"పొయ్యి వెలిగిందిగా. ఇంకేం కొనాలి?"

మకరందుడు హంసల్ని తలుచుకుని నిట్టూర్చాడు. అయినా భార్య మాట కాదనలేక మట్టిల్లే కొన్నాడు. దూరదేశం వెళ్లాడు.

అతను తిరిగొచ్చిన ఉదయాన తలుపు లోపల గడియ వేసి ఉంది. ఎంత పిలిచినా పలుకు లేదు. కిటికీలోంచి తొంగిచూస్తే, రెండిళ్ల నడిమి గోడకి మనిషి దూరేంత కంత. నేలంతా మట్టిపెళ్లలు. చారుమతి లేదు.

అంతలో అవ్వ ఇంట్లోంచి పసిబిడ్డ ఏడుపు.

పరుగెత్తాడు. మంచం మీద చారుమతి, పక్కన ఎర్రటి పాపాయి.

"నీ పెళ్లాం రాత్రి గడియ వేసుకున్నాక నొప్పులొచ్చి పడిపోయింది నాయనా. లేవలేక పిలిచింది," అంది అవ్వ, రోకలికంటిన మట్టి కడుగుతూ. "ఆ తలుపు విరగ్గొట్టడం నా వల్లవుతుందా? గోడ మీద నాలుగు పోట్లు వేశాను. మట్టిది కాబట్టి పడింది."

అదే రాతిమేడ అయ్యుంటే? మకరందుడు వంగి అవ్వ కాళ్లకి దణ్ణం పెట్టాడు.

ఆ కంత అతను పూడ్చలేదు. గుమ్మం కట్టించాడు, తలుపు మాత్రం పెట్టలేదు. పాపాయి మొదటిసారి పాకింది ఆ గుమ్మంలోంచే.

ఇల్లు కొనేవాళ్లు గోడ అందం కాదు, పిలిస్తే గోడ అవతల లేచే మనిషి ఉన్నాడో లేదో చూసుకోవాలి.