దారి తప్పిన బలిగంప: జిల్లేడుగడ్డ పొలిమేరమ్మ చరిత్ర

శ్రీ పొలిమేరమ్మ తల్లి హైదరాబాదు నగరానికి తూర్పు దిక్కున, జిల్లేడుగడ్డ పారిశ్రామికవాడ నడిబొడ్డున కొలువై ఉన్నది. పొలిమేరలో ఉండవలసిన తల్లి నడిబొడ్డున ఉండడమేమిటని భక్తులు వచ్చీ రాగానే అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. దానికి సమాధానంగానే ఈ చిన్న పుస్తకం రాయడం జరిగింది. అయితే రాయడం ముగిసేసరికి రాసినవాడికి ఉన్న కాస్త స్పష్టత కూడా పోయిందని ముందే మనవి చేసుకుంటున్నాను.

సన్నిధికి రాదలచినవారు పెద్ద రోడ్డు మీద బస్సు దిగి, లారీలను తూచే కాటా పక్కనుంచి లోపలికి రావాలి. మొదటి సందులో రంగుల వాసన వస్తుంది, అది కాదు. రెండో సందులో రబ్బరు వాసన వస్తుంది, అదీ కాదు, కాని అందులోంచే రావాలి. ఎవరినైనా అడిగితే చెప్తారు, కాని ఇద్దరిని అడగవద్దు. రెండు రేకుల షెడ్ల మధ్య, గుడి అనడానికి చిన్నదీ గూడు అనడానికి పెద్దదీ అయిన కట్టడంలో మోకాలెత్తు నల్లరాయి కనిపిస్తుంది. పసుపు పూత, వెండి కళ్ళు, నుదుట రూపాయి బిళ్ళంత కుంకుమ. అదే తల్లి. ఆమె ముందు ఒక వెదురు గంప, ఆ పక్కన పరచిన గోనెపట్టా మీద మూతలు, స్ప్రింగులు, ఇనుప ముక్కలు ఉంటాయి. కొత్తవారు వాటిని తుక్కు అనుకొని కాలితో పక్కకు జరుపుతున్నారు. దయచేసి జరపవద్దు. అవి నైవేద్యం.

పూర్వం ఇక్కడ జిల్లేడుగడ్డ అనే పల్లె ఉండేది. పూర్వం అంటే ఏ త్రేతాయుగమో కాదు. కథలోని పూజారి కొమురవ్వ చేతి ప్రసాదం తిన్నవారు మన కమిటీలోనే ముగ్గురున్నారు. ముగ్గురూ మూడు రకాలుగా చెప్తారు. ముగ్గురి మాటా కలిసిన చోట్లు ఏరి ఇక్కడ రాశాను, కలవని చోట కలవలేదని రాశాను.

ఆ రోజుల్లో పల్లెకు తూర్పు పొలిమేర ఈ నల్లరాయే. ఏటా ఆషాఢంలో కొమురవ్వ పసుపన్నం కలిపిన బలిగంపను తలకెత్తుకొని, ఊరి పొలిమేర వెంట అన్నం చల్లుతూ చుట్టి వచ్చేది. గంప ఎత్తినవారు వెనక్కి తిరిగి చూడరాదు, ఎవరినీ దారి అడగరాదు, చుట్టడం పూర్తయ్యేదాకా గంప దించరాదు. ఏ గడప ముందు ఆగితే ఆ ఇంటివారు గంపలో ఏదో ఒకటి వేయాలి, ఉత్తగా పంపరాదు. అలా పొలిమేర కడితే ఊళ్ళోకి రోగం రాదు, ఊళ్ళోంచి బతుకు పోదు అని నమ్మకం.

ఇంతలో నగరం వచ్చింది. ఒక ఏడు కాటా వచ్చింది, మరో ఏడు షెడ్లు, ఆ తర్వాత ఎక్కడెక్కడి జనమో వచ్చారు. పొలిమేర గుర్తుగా ఉన్న ఎర్రమట్టి దిబ్బ చదునైపోయింది. వాగు మురికికాలువై ఒక షెడ్డు కిందుగా దూరి ఎటో పోయింది. తూర్పు రాయికి తూర్పున ఊరికంటే పెద్ద ఊరు లేచింది. లారీలు మలుపు తిరగాలంటే తల్లి అడ్డం. ఒకనాడు ఊరిపెద్ద ముత్యంరెడ్డి నలుగురినీ కూర్చోబెట్టి ఇలా అన్నాడు.

"కొమురవ్వా, నేను అమ్మను కాదంటలేను. పొలిమేరే లేకపాయె, ఇగ పొలిమేరమ్మ ఈడ ఏం చేస్తది? కాలనీ గుడిల ఒక మూల చూసిన. ఈ ఏడు గంప పొలిమేరంత సుట్టొస్తే అమ్మ ఈడనే ఉంటది. సుట్టుడు కాకుంటే కదిలిద్దాం."

ముత్యంరెడ్డి చెడ్డవాడు కాడు. ఆయనకూ తోచలేదు, అంతే. కొమురవ్వ మాత్రం ఒప్పుకోలేకపోయింది. ఆమె కన్నతల్లి, అమ్మమ్మ ఆ రాయి ముందే బతికి ఆ రాయి ముందే పోయినవారు. తన చేతుల్లోంచి తల్లి కదిలిపోతే ఆ నింద తాను మోయలేననుకుంది.

ఆ మర్నాడు మధ్యాహ్నం జొన్న గటుక తాగి కునుకు తీసిన కొమురవ్వకు స్వప్నంలో తల్లి కనబడింది. స్వప్నంలో దేవతలు సాధారణంగా ఆజ్ఞాపిస్తారు. మన తల్లి షెడ్ల కూడలిలో నిలబడి ఆ పక్కకూ ఈ పక్కకూ చూస్తున్నదట.

"కొమురవ్వా, నా పొలిమేర ఏడున్నదే?"

"నువ్వే చెప్పాలె తల్లీ."

"నాకూ సమజైతలేదు బిడ్డా. గంపెత్తుకొని నడువు. ఎవలు ఏది ఏస్తే అది పట్టుకరా. సూద్దాం."

ఇది తప్ప తల్లి మరేమీ సెలవివ్వలేదు. ఇంకా చాలా చెప్పిందని మా కమిటీలో ఒకాయన అంటాడు కాని, ఆ చాలా ఏమిటో ఆయనకూ గుర్తులేదు.

ఆషాఢం వచ్చింది. పొద్దున్నే కొమురవ్వ గంపెత్తుకొని బయలుదేరింది. దిబ్బ ఉన్న చోట కుడికి తిరగాలి, దిబ్బ లేదు. వాగు వెంట నడవాలి, వాగు గోడలోకి వెళ్ళిపోయింది. ఆమె కుడి అనుకున్న చోట తిరిగింది, ఎడమ అనుకున్న చోట తిరిగింది, రంగుల షెడ్డు ముందుకు మూడుసార్లు వచ్చింది. దారి అడగకూడదు. వెనక్కి చూడకూడదు. పసుపన్నం మధ్యాహ్నానికే అయిపోయింది. కాళ్ళు లాగినప్పుడల్లా ఏదో ఒక షెడ్డు గడప ముందు ఆగడం మొదలుపెట్టింది.

షెడ్లలో వాళ్ళకు పెద్ద చిక్కు వచ్చిపడింది. గంపను ఉత్తగా పంపరాదు. అన్నం లేదు, డబ్బాలు ఖాళీ అయిపోయాయి. తయారైన మంచి సరుకు వేయడానికి మనసొప్పలేదు. తుక్కు వేయడానికి భయం. ఈ రెంటికీ మధ్యది ప్రతి షెడ్డులోనూ ఒకటుంటుంది. ఎంత తంటాలు పడ్డా కుదరక, పారేయడానికి చేతులు రాక, రోజుల తరబడి బల్ల మీదే కూర్చున్న ముక్క. అందరూ దాన్నే గంపలో వేశారు. ఒకరు సరిగా మూసుకోని మూత వేశారు, ఒకరు వంగిపోతున్న స్ప్రింగు వేశారు. పురుగుమందు కొట్టే పంపులు చేసే మునగాల వీరాచారి తన చేతిలో ఉన్న పంపు కవాటాన్నే, అంటే వాల్వునే, వేశాడు.

ఈ కవాటం సంగతి చెప్పాలి. వీరాచారి షెడ్డులో నలభై మంది పనిచేసేవారు. ఆయన పంపులు మొట్టమొదటిసారి ఓడెక్కి ఆఫ్రికాలోని మొంబాసా రేవుకు వెళ్ళాయి. వెళ్ళినవి వెళ్ళినట్టే ఉత్తరం వెంటబెట్టుకొని వచ్చాయి. నాలుగు రోజులు వాడేసరికి కవాటంలో రబ్బరు బిళ్ళ ఉబ్బుతోందనీ, మందు కారి రైతు వీపు కాలుతోందనీ, నెలలోపు బాగుచేయకపోతే సరుకు మరో దేశం నుంచి తెప్పించుకుంటామనీ ఆ ఉత్తరం. బొంబాయి రబ్బరు పెట్టి చూశాడు, కోయంబత్తూరు రబ్బరు పెట్టి చూశాడు. ఉబ్బుతూనే ఉంది. నెలలో ఇరవై రోజులు గడిచాయి. నలభై మందికి ఏం చెప్పాలో తెలియక ఆయన షెడ్డులో ఎవరి కళ్ళలోకీ చూడడం మానేశాడు.

దీపాలు పెట్టే వేళకు కొమురవ్వ ఎలా వచ్చిందో తెలియకుండా మళ్ళీ ఈ రాయి ముందుకే వచ్చింది. మెడ విరిగిపోతోంది. గంప దించి కూలబడింది.

"దారి తప్పిన తల్లీ. పొలిమేర దొరకలే. నిన్ను పోగొట్టుకున్న," అని రాయిని పట్టుకొని ఏడ్చింది.

మర్నాడు పొద్దున ముత్యంరెడ్డి మనుషులు గడ్డపారలు, మోకులు తెచ్చారు. తల్లిని కదిలించేముందు బలిగంప ఖాళీ చేయాలి గనుక అందులోని వస్తువులన్నీ గోనెపట్టా మీద గుమ్మరించారు. చూడ్డానికి జనం మూగారు. వీరాచారి కూడా వచ్చాడు. గద్వాల వైపు నుంచి బతకవచ్చి, ఇక్కడ మందుసీసాల రబ్బరు మూతల షెడ్డులో పనిచేస్తున్న దేవేంద్రమ్మ పనికి పోతూ పోతూ దండం పెట్టుకోవడానికి ఆగింది. ఆమె పని రోజంతా మూతలు చూసి మంచివీ చెడ్డవీ ఏరడం. అందుకని కన్ను నేరుగా కవాటం మీద పడింది. వంగి, పురుగుమందు వాసన పసిగట్టి, రబ్బరు బిళ్ళను గోటితో నొక్కి చూసింది.

"ఇది ఎవరిది? ఘాటు మందుకు ఈ రబ్బరు పెడ్తరా ఎవరన్నా? ఉబ్బక ఏం చేస్తది?"

"మరి ఏది పెట్టాలె?" అన్నాడు వీరాచారి.

"మా షెడ్డుల సీసా మూతలకు వాడే రబ్బరుంది సారూ. ఎంత ఘాటు మందుల ఏసినా అట్లనే ఉంటది."

"మీ షెడ్డు ఏడుంది?"

దేవేంద్రమ్మ ఆయన్ను వింతగా చూసింది. "మీ గోడకు అవతలనే సారూ. మీ మిషిను సప్పుడుకు మాకు మాట ఇనపడదు."

మూడేళ్ళుగా ఆ గోడకు ఇటు పంపులు, అటు మూతలు తయారవుతున్నాయి. వీరాచారి బొంబాయికి ఉత్తరాలు రాశాడు గాని గోడ అవతలికి తొంగి చూడలేదు. అంత జనంలో ఎవరికి ఏం తెలుసో ఎవరికీ తెలియలేదు. ఆయన వంగి గోనెపట్టా మీది కవాటాన్ని అందుకున్నాడు.

తర్వాత ముత్యంరెడ్డికి చేతులు జోడించాడు. "పటేలా, ఎనిమిది దినాలు ఆగు. ఆ రబ్బరును మందుల నానబెట్టి అమ్మ ముందే పెడ్త. అది నిలిస్తే నా షెడ్డు నిలుస్తది."

ముత్యంరెడ్డి ఆగాడు. పురుగుమందు పోసిన గాజు సీసాలో కొత్త రబ్బరు బిళ్ళ వేసి, బిగుతుగా మూసి తల్లి పాదాల ముందు పెట్టారు. ఆ ఎనిమిది రోజులూ షెడ్డులోని నలభై మందీ పనికి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి సీసాలోకి చూసి వెళ్ళేవారు. ఒకరు ఉబ్బిందనేవారు, ఒకరు లేదనేవారు. సీసా గాజు వల్ల పెద్దగా కనిపిస్తోందని మూడో ఆయన అనేవాడు. ఎనిమిదో రోజు వీరాచారి బిళ్ళను పట్టుకారుతో తీసి, కడిగి, వెర్నియర్ కొలబద్ద పెట్టి కొలిచాడు. వేసిననాడు ఎంత ఉన్నదో అంతే ఉంది. మళ్ళీ కొలిచాడు. నమ్మలేక ఒక పనివాడు వెర్నియర్ లాక్కొని తానే కొలిచాడు. అంతే ఉంది. నలభై మంది ఒక్కసారి అరిచిన అరుపుకు గోడ అవతలి షెడ్డువాళ్ళు బయటికి పరుగెత్తుకొచ్చారట.

మర్నాటికి గోనెపట్టా మీది మూతనూ స్ప్రింగునూ కూడా ఎవరెవరో తీసుకుపోయి, కుదిర్చి, తెచ్చి ఇచ్చారు. అయినా చిక్కు తీరలేదు. ముత్యంరెడ్డి మాట మాటే.

"కొమురవ్వా, నిజం చెప్పు. గంప పొలిమేరంత సుట్టిందా, లేదా?"

"సుట్టలే పటేలా," అంది కొమురవ్వ. అమ్మ ముందు అబద్ధం ఆడదు.

గడ్డపారలవాళ్ళు మళ్ళీ రాయి దగ్గరికి వచ్చారు. నలభై మందీ రాత్రంతా కూర్చుని బాగుచేసిన పంపుల పెట్టెలను అప్పుడే లారీకెక్కిస్తున్నారు. కొమురవ్వ వాటివైపు చూసి అడిగింది.

"చారీ, ఇవి ఏడికి పోతయి?"

"సముద్రం అవతలికవ్వా."

"మన ఊర్ల చేసినయే గద. అంటే మన పొలిమేర అంత దూరం పోయిందా? నేనెట్ల నడుస్త బిడ్డా అంత దూరం?"

ఎవరూ నవ్వలేదు. ముత్యంరెడ్డి చాలాసేపు తల గోక్కున్నాడు. లారీని చూశాడు, రాయిని చూశాడు. చివరకు గడ్డపారలు పట్టుకున్నవారితో అన్నాడు.

"సుట్టుడు కాలేదంటే ఆగిందని కాదు గద. గంప ఇంక నడుస్తనే ఉన్నది. అయిపోయినంక సూద్దాం, పోండి."

కొమురవ్వ తన కొంగు అంచు చించి, పసుపులో ముంచి, మొదటి పెట్టెకు కట్టింది.

మరుసటి ఏడు ఆమె గంపెత్తుకుంటే సందులన్నీ తెలిసిపోయాయి. తెలిసిన గడపలే తగిలాయి, గంప సగం కూడా నిండలేదు. అందుకని ఆ పై ఏడు గంపను కొత్తగా పనిలో చేరిన ఒక ఆడబిడ్డ నెత్తిన పెట్టింది. నాటినుంచి అదే ఆచారం. ఆషాఢ మాసపు చివరి ఆదివారం బలిగంపను వాడకు అందరికంటే కొత్తగా వచ్చినవారే ఎత్తాలి, దారి తెలిసినవారు ఎత్తరాదు. ప్రతి షెడ్డువారూ ఆ ఏడు తమకు కుదరని ముక్కను వేస్తారు. చేతనైనవారు దాన్ని తీసుకుపోయి, కుదిర్చి, తెచ్చి తల్లి ముందు పెడతారు. ఓడెక్కే సరుకులో మొదటి పెట్టెకు పసుపు గుడ్డ కడతారు. వీరాచారి షెడ్డు ఇప్పుడు మూడు షెడ్లయింది. దేవేంద్రమ్మ ఆ మూడింటికీ రబ్బరు చూసే పెద్ద. శ్రీకాకుళం నుంచీ ఒడిశా నుంచీ బతకవచ్చినవారు ఇక్కడ పని చేసుకుంటున్నారు. నగరం పెరిగినందుకు పని పుట్టిందో, పని పుట్టినందుకు నగరం పెరిగిందో, మధ్యలో తల్లి మహిమ ఎంతో, నేను ఎన్నిసార్లు రాసి కొట్టేసినా తేలలేదు. విజ్ఞులు తేల్చగలరు.

తల్లిని దర్శించినవారికి చేతిలో పని పోదనీ, చేసిన సరుకు వెనక్కి రాదనీ, పక్కవాడికి తెలిసినది తమకూ తెలుస్తుందనీ భక్తుల అనుభవం. నిరుటి గంపలోది ఒక ఇత్తడి ముక్క, వేలెడంత ఉంటుంది, ఇంకా ఎవరికీ కుదరక గోనెపట్టా మీదే ఉంది. దర్శనం చేసుకున్నవారు దాన్నొకసారి చేతిలోకి తీసుకొని చూసి వెళ్ళవలసిందిగా ప్రార్థన.

గంప దించగానే ఊరిపెద్ద "సుట్టుడు అయిందా?" అని అడగడం, ఎత్తినవారు జవాబివ్వడం ఉత్సవంలో చివరి ఘట్టం. అయిందన్న రోజున రాయిని కదిలించాలా వద్దా అన్నది తేల్చాలి. అది ముత్యంరెడ్డి ఇచ్చిన మాట, ఇప్పటికీ ఎవరూ రద్దు చేయలేదు. నిరుడు గంపెత్తిన ఒడిశా పిల్ల ఝిల్లీ వాడకు వచ్చి అప్పటికి నాలుగు రోజులే అయింది, తెలుగు ఒక్క ముక్క రాదు. పొద్దున్నుంచీ దేవేంద్రమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకొని ఒకే మాట నేర్పించింది. దీపాల వేళకు, ఏడు సందుల్లో దారి తప్పి, ముఖమంతా చెమటతో వచ్చి గంప దించిన ఆ పిల్లను ఊరిపెద్ద అడిగాడు. ఆమె రాయివైపు చూసి గట్టిగా చెప్పింది.

"ఇంకా కాలే."