ఇసుకదొందు తోక పట్టుకున్న రాకుమారుడు

అనగా అనగా, సముద్రం ఒడ్డున ఒక రాజ్యం, ఆ రాజ్యానికి శంఖవర్మ అని ఒక రాజు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతు ముత్యాలు తెస్తానని ఏడు సముద్రాలు దాటి వెళ్ళాడు, తిరిగి రాలేదు. నడిపివాడు రణకేతు అన్నని వెతుకుతానని వెళ్ళాడు, వాడూ తిరిగి రాలేదు. ఇక మిగిలింది చిన్నవాడు నీలకేతు. వాడు మహా పిరికి. నవ్వకండి, నిజంగానే పిరికి. ఉరుము ఉరిమితే అమ్మ కొంగు పట్టుకునేవాడు. అయినా, అమ్మ రోజూ రాని కొడుకులకి కూడా విస్తళ్ళు వేసి ఎదురుచూడటం చూడలేక, ఒక పొద్దున్న చెప్పకుండా పడవెక్కేశాడు.

ఒక సముద్రం దాటాడు, భయపడ్డాడు. రెండో సముద్రం దాటాడు, ఇంకా భయపడ్డాడు. ఏడో సముద్రానికి వచ్చేసరికి నీళ్ళు మోకాటి లోతు ఉన్నట్టు తేటగా ఉన్నాయి. అడుగున ఎర్రటి పగడాల దిబ్బ. ఆ పగడాలు మనుషులు చేతులెత్తి నిలబడ్డట్టు ఉన్నాయి. నీలకేతు లంగరు రాయి దించబోయాడు.

"ఆగు, ఆగు! మా ఇంటి మీద పెడుతున్నావు!" అంది కింద నుంచి ఒక సన్నటి గొంతు.

వంగి చూస్తే వేలెడంత చేప. ఇసుక రంగు ఒళ్ళు, ఉబ్బిన కళ్ళు. దాన్ని ఇసుకదొందు అంటారు. పక్కనే ఒక బొరియ, అందులోంచి ఇసుక తోడిపోస్తున్న ఒక రొయ్య. పాపం ఆ రొయ్యకి చూపు ఆనదు. అందుకని తన మీసం ఎప్పుడూ చేప తోక మీద ఆనించి ఉంచుతుంది. ఇల్లు తవ్వడం రొయ్య పని, కాపలా కాయడం చేప పని. చేప తోక ఆడించిందా, రొయ్య ఎందుకని అడగదు. బొరియలో దూరిపోతుంది.

నీలకేతు గబగబా రాయి పైకి లాగేశాడు.

"మంచివాడిలా ఉన్నావు. వెనక్కి వెళ్ళిపో, రాజుగారబ్బాయీ. ఇది కరాళుడనే మాంత్రికుడి దిబ్బ. వాడి కళ్ళలోకి చూసినవాళ్ళు పగడమైపోతారు. వాడి ప్రాణం చిలకలో ఉంది, ఎవరికీ దొరకదు" అంది చేప.

"సముద్రంలో చిలకేమిటి?"

"చిలకచేప. చిలక ముక్కు, చిలక పచ్చ. రోజూ పగడాల్ని కొరుక్కు తిని ఇసుకగా వదిలేస్తుంది. ఈ తెల్లటి ఇసుకంతా ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నావు?"

నీలకేతు అడుగున చేతులెత్తి నిలబడ్డ పగడాల వైపు చూశాడు. "మా అన్నలు?" అన్నాడు.

"ఉన్నారు. నిన్న పెద్దాయన చెవి తినేసింది. ఇవాళ మెడ దగ్గర మొదలుపెడుతుంది."

నీలకేతు పడవ అంచు పట్టుకుని ఏడ్చాడు. "నాకు భయంగా ఉంది" అన్నాడు.

"నాకూ భయమే. భయపడటమే నా ఉద్యోగం. ఇంత చిన్నదాని కళ్ళలోకి వాడు వంగి చూడడు కాబట్టి బతికున్నాను" అంది చేప. కాసేపు ఆలోచించి ఒక నాచు పోగు తెచ్చి ఇచ్చింది. "ఇది నాలిక కింద పెట్టుకో, నీళ్ళలో ఊపిరాడుతుంది. నోరు తెరిచావా, జారిపోతుంది, మునిగిపోతావు. కళ్ళు మూసుకుని నా తోక మీద వేలు ఆనించు. మీ అన్న పక్కన పగడంలా నిలబడు, చిలక కొరకడానికి దగ్గరికొచ్చినప్పుడు పట్టుకో. తోక ఆడితే కదలకు. ఎందుకని అడగకు."

"కళ్ళకి గంత కట్టుకుంటే?"

"పగడానికి గంతలెవరు కడతారయ్యా?"

అలా దిగాడు. కళ్ళు మూసుకుని, ఒక వేలి కొసన చేప తోక తప్ప లోకంలో ఇంకేమీ తెలియకుండా దిగాడు. పగడాలు భుజాలకి రాసుకుంటున్నాయి. కొన్ని చేతుల్లా ఉన్నాయి, కొన్ని మొహాల్లా ఉన్నాయి. ఒకచోట తోక ఆగింది. నీలకేతు ఎడమ చెయ్యి చాచి నిలబడిపోయాడు.

తోక ఆడింది.

"తమ్ముడూ, నేనేరా, పెద్దన్నయ్యని. ఇటు చూడరా" అని వినిపించింది. నీలకేతు కదల్లేదు.

మళ్ళీ తోక ఆడింది.

"నాన్నా నీలూ, అన్నం తినకుండా వచ్చేశావేంరా? ఒక్కసారి నా మొహం చూడరా." అచ్చం అమ్మ గొంతే. రెప్పలు వాటంతటవే విచ్చుకోబోయాయి. పళ్ళు బిగబట్టి మూసుకున్నాడు.

మూడోసారి తోక ఆడింది. ఏ గొంతూ లేదు. మొహానికి చల్లగా ఏదో తగిలింది. ఎవరో వంగి, ముక్కుకి ముక్కు ఆనేంత దగ్గరగా చూస్తున్నారు.

"ఈ కొమ్మ నిన్న లేదే" అంది ఒక గొంతు, మెల్లగా. "చిలకా, కొరికి చూడు. పగడమైతే అరవదు."

వేలి కింద చేప తోక గడగడ వణుకుతోంది. పుట్టినప్పటి నుంచి పారిపోవడం ఒక్కటే నేర్చుకున్న చేప అది. పారిపోలేదు.

ఎడమ చేతి చిటికెన వేలు కటుక్కుమంది. నీలకేతుకి ప్రాణం పోయినంత పనైంది. అయినా నోరు తెరవలేదు. చిలకచేప రెండో వేలికి నోరు పెట్టగానే, మొదటిసారి తోక వదిలి, రెండు చేతులా దాని మెడ పట్టుకుని విరిచేశాడు.

చెవి పక్కనే ఒక కేక లేచింది. ఆ కేక సన్నబడి, సన్నబడి, ఆగిపోయింది. అప్పుడు కూడా నీలకేతు కళ్ళు తెరవలేదు.

"అయిపోయింది, ఇక చూడవయ్యా" అని చేప చెప్పాకే తెరిచాడు.

పగడాలన్నీ ఊపిరి తీసుకుంటూ నీళ్ళ పైకి లేస్తున్నాయి. రణకేతు లేచాడు. జయకేతు ఒంటి చెవితో లేచి తమ్ముణ్ణి కావలించుకుని బావురుమన్నాడు. మరో పక్కన నిలబడ్డ పగడం ఒక అమ్మాయైంది. ఆమె వైడూర్య ద్వీపపు రాజుగారమ్మాయి, పేరు కువలయ. ఇసుకైపోయినవాళ్ళు మాత్రం లేవలేదు. వాళ్ళ కోసం అందరూ దిబ్బ పక్కన తేలిన ఇసుకతిన్నె మీద కూర్చుని ఏడ్చారు.

"కళ్ళు మూసుకోమంటే నేను మూసుకునేవాణ్ణి కాదురా. చెప్పినమాట వినగలిగినవాడివి నువ్వే, రాజ్యం నువ్వే ఏలు" అన్నాడు ఇంటికొచ్చాక జయకేతు. నీలకేతుకి, కువలయకి పెళ్ళైంది. ఊరంతా పచ్చతోరణాలు, పప్పన్నాలు. వాళ్ళు చాలా ఏళ్ళు చల్లగా ఏలారు.

ఆ రోజు నీలకేతు మొహం మీదకి కరాళుడు వంగినప్పుడు, కువలయ రాతి కళ్ళు మూసుకోలేక అంతా చూస్తూనే ఉంది. ముసలివాడయ్యాక ఒక సాయంత్రం నీలకేతు ఆమెని అడిగాడు, "వాడి మొహం ఎలా ఉండేది?" అని.

కువలయ చెయ్యి చాచి, ఆయన రెండు కళ్ళూ మెల్లగా మూసింది. ఆ చెయ్యి ఆనాటి చేప తోకలా వణుకుతోంది. నీలకేతు ఎందుకని అడగలేదు.