కుట్టని మూల

ఉసేనప్ప పరుపులో మోసం ఉండదు. ఆ సంగతి ఆదోనిలో అతని వీధికి తెలుసు. వీధి దాటితే ఎవరికీ తెలియదు. అదే అతని కష్టం.

వాళ్లది దూదేకుల ఇల్లు. తండ్రి విల్లు భుజాన వేసుకుని ఊళ్లు తిరిగి దూది ఏకేవాడు. ఉసేనప్ప కాలానికి విల్లు పోయి మిషను వచ్చింది. ఇప్పుడు స్పాంజి పరుపులు వచ్చి మిషనుకు పని లేకుండా పోయింది. జనం అంగడికి రావడం మానేశారు. ఫోన్లో చూసి తెప్పించుకుంటున్నారు.

అట్లయితే నేనూ ఫోన్లోకే పోతాననుకున్నాడు ఉసేనప్ప. సుధీంద్ర అనే అతని చేత వెబ్‌సైట్ చేయించాడు. ప్రకటనలు వేయించాడు. చూసేవాళ్లు బాగానే వచ్చారు. చూసి, కొనకుండా వెళ్లిపోయారు.

ఆఖరికి విసిగిపోయాడు. ఏకే మిషను అమ్మేసి, తానూ స్పాంజి పరుపులే తెచ్చి పెడదామనుకున్నాడు. మిషను కొనేవాడు కుదిరాడు. సోమవారం బండి తెచ్చుకుంటానన్నాడు.

అంతకుముందు గురువారం నాడు ఉసేనప్ప తన అంగట్లోకెల్లా మంచి పరుపును ఆటోలో వేసుకుని, గుట్ట కింద దర్గాకు వెళ్లాడు. అక్కడ పీరయ్య స్వామి ఉంటాడు. ఉసేనప్పకు చిన్ననాటి నుంచీ గురువు. అన్ని కులాలవాళ్లూ వచ్చి ఆయన ముందు కూర్చుని బాధలు చెప్పుకుంటారు. ఆయన వింటాడు. మాట్లాడడం తక్కువ.

"ఎవరికప్పా ఇది?" అన్నాడు స్వామి పరుపును చూసి.

"మీకే సామీ."

"నాకు చాప ఉండాది కదా."

"ఒక్కసారి పండుకోండి, చాలు. ఫోటో తీసుకుంటా. మా గురువుగారు పండుకునే పరుపు అని వెబ్‌సైట్లో పెడతా."

"నేను పండుకునేది చాప మీద."

"ఒక్క నిమిషమన్నా పండుకుంటే అది అబద్ధం కాదు కదా సామీ!"

చుట్టూ కూర్చున్నవాళ్లు నవ్వారు. మోకాళ్ల నొప్పికి తాయెత్తు కోసం వచ్చిన సుంకులమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది. "తీయప్పా తీయి, పక్కన నన్ను కూడా కూచోబెట్టు" అంది.

స్వామి నవ్వలేదు. లేచి వచ్చి పరుపు మీద కాళ్లు చాపి పడుకున్నాడు. ఉసేనప్ప హడావిడిగా ఫోన్ తీసి సరిచేసుకునేలోగా లేచి కూర్చున్నాడు.

"మెత్తగా ఉండాది. ఏదీ, నీ ఫోన్లో అంగడి చూపియ్యి."

ఉసేనప్ప వెబ్‌సైట్ తెరిచి ఇచ్చాడు. పైన పెద్ద బొమ్మ. రాజుల మేడలాంటి ఇంట్లో, పందిరిమంచం మీద, ఒక తెల్లదొరసాని నిద్రపోతోంది.

"ఎవరీమె?"

"తెలీదు సామీ. సుధీంద్ర పెట్టినాడు."

"పండుకున్నది నీ పరుపు మీదేనా?"

"కాదు సామీ."

"మరి నీ పరుపు యాడుంది?"

ఉసేనప్ప వేలితో బొమ్మను పైకి తోశాడు. మూడు తరాల ఘనచరిత్ర వచ్చింది. నాణ్యతే మా ఊపిరి అన్న మాట వచ్చింది. ఇంకా తోశాడు. పూలగుడ్డలు తొడిగిన పరుపులు వరుసగా వచ్చాయి. అన్నిటికంటే అడుగున, చీమతలకాయంత అక్షరాల్లో ఫోన్ నంబరు ఉంది.

"ఎవరూ ఏమీ అడగలేదా?"

"అడిగినారు సామీ. అడిగినోళ్లకంతా 'ధన్యవాదాలు, త్వరలో సంప్రదిస్తాం' అని దానంతటదే జవాబు పోతుంది."

"ఏమడిగినారు?"

ఉసేనప్ప వాటిని చదవలేదు.

అసలు మాట చెప్పాడు. "సుధీంద్ర ఇంకోటి చెప్తాండాడు సామీ. కొననోళ్ల చేత కొన్నట్టు మెచ్చుకోళ్లు రాయిస్తాడంట. దానికి నాకు మనసొప్పల్యా. అందుకే మీ కాడికొస్తి. నా పరుపులో మోసం లేదు. మీకు తెలుసు."

"నాకు తెలుసు. వాళ్లు యాడ చూసినారు?"

ఉసేనప్ప పరుపు అంచున కుట్లను వేలితో తడిమాడు.

"మీ నాయన పరుపు ఆఖరి మూల ఎప్పుడు కుట్టేవాడు?" అన్నాడు స్వామి.

"ఇంటామె లోపల చెయ్యి పెట్టి చూసి, కుట్టు అన్నాక సామీ. ఆమె అనేదాకా సూది ముట్టేవాడు కాదు."

"నువ్వు?"

"నేను... అంగట్లోనే కుట్టేస్తా."

స్వామి తాయెత్తు దారాలు కత్తిరించే చిన్న కత్తెర తీసి అతని ముందు పెట్టాడు.

"విప్పు."

"సామీ! కాశింబి కుట్టింది ఇది. వేళ్లు బొబ్బలెక్కేలా కుట్టింది. ఇంటికి పోతే నన్ను బతకనియ్యదు."

"విప్పప్పా."

ఉసేనప్ప కత్తెర అందుకున్నాడు. భార్య వేసిన కుట్లు ఒక్కొక్కటే తెంపాడు. మూల తెరుచుకుంది. తెల్లటి దూది బయటికి పొంగింది.

అందరికంటే ముందు సుంకులమ్మే జరిగి వచ్చింది. ఎవరినీ అడగలేదు. మోచేతి దాకా చెయ్యి లోపలికి దూర్చి, అడుగు నుంచి గుప్పెడు దూది లాగింది. వాసన చూసింది. పీకి చూసింది. పీకినచోట నల్లటి పత్తిగింజ ముక్క ఒకటి కనపడింది.

ఉసేనప్ప ముఖం మాడిపోయింది. "ఒకటేదో మిగిలిపోయింటుందవ్వా. ఇట్లియ్యి, పారేస్తా."

"ఉండ్రా!" అంది సుంకులమ్మ, పిడికిలి మూసి. "గింజ ఉందంటే ఇది చేన్లో పండిన దూది. మా కోడలు ఫోన్లో తెప్పిచ్చిన పరుపులో ఏముందో దేవునికే తెలుసు. ఎండకాలం పండుకుంటే పెనం మీద పండుకున్నట్టుంటాది."

మిగతావాళ్లు కూడా దగ్గరికి జరిగారు. ఒకరి తరువాత ఒకరు చెయ్యి పెట్టారు. చెయ్యి పెట్టినవాడల్లా ఏదో ఒకటి అడిగాడు. వానాకాలం చెమ్మ పడితే ఎట్ల? నడుము నొప్పికి పనికొస్తుందా? గడ్డ కట్టదా?

"ఎందుకు కట్టదు? కడ్తాది" అన్నాడు ఉసేనప్ప. "కొన్నేండ్లకు కడ్తాది. అప్పుడు తెస్తే విప్పి మళ్లీ ఏకి ఇస్తా. కొత్తదానిలెక్కయితుంది. స్పాంజిని ఎవడు ఏకి ఇస్తాడు, చెప్పు?"

చెబుతూ చెబుతూ తానెందుకు వచ్చాడో మరిచిపోయాడు. తలెత్తి చూసేసరికి స్వామి తన చాప మీద కూర్చుని ఉన్నాడు.

"ఫోటో అంటివే?" అన్నాడు స్వామి.

ఉసేనప్ప ఆయన వైపు ఫోన్ తిప్పలేదు. తెరిచిన మూలనూ, పక్కనే సుంకులమ్మ అరచేతిలోని దూదినీ, దాని మీది గింజనూ తీసుకున్నాడు.

ఇంటికి పోయి ఆ ఫోటో సుధీంద్రకు పంపి, ఫోన్ చేశాడు.

"ఆ దొరసానిని తీసేయి. ఈ చెయ్యి పెట్టు."

"గింజ కనపడుతోందన్నా. చూసినోళ్లు నవ్వుతారు."

"నవ్వనీ. కొన్నేళ్లకు గడ్డ కడుతుందని రాయి. నేనే మళ్లీ ఏకి ఇస్తానని కూడా రాయి."

"మన లోపం మనమే చెప్పుకుంటామా?"

"చెప్పుకుంటాం. నా నంబరు అన్నిటికంటే పైన పెట్టు. ఆ ధన్యవాదాలు ఎత్తేయి. అడిగినోళ్లతో నేనే మాట్లాడతా."

"రోజంతా ఫోన్ పట్టుకుని కూర్చుంటావా అన్నా?"

"మా నాయన రోజంతా విల్లు మోసినాడు. ఫోన్ ఏం బరువు?"

పాత ప్రశ్నలన్నీ తీసి చదివాడు. ఒక్కొక్కరికీ జవాబు పెట్టాడు. చాలామంది అప్పటికే వేరేచోట కొనేశారు. ఇన్నాళ్లకు నిద్ర లేచారా అని ఒకాయన తిట్టాడు. "అవునన్నా, ఇప్పుడే లేచినా" అని అతనికీ జవాబు పెట్టి, తరువాతి ప్రశ్న చదివాడు.

సోమవారం మిషను కొనేవాడు బండి తెచ్చాడు. అప్పటిదాకా ఒక్క పరుపు కూడా అమ్ముడుపోలేదు.

"మిషను ఇయ్యనప్పా" అన్నాడు ఉసేనప్ప.

"మొన్న సరేనంటివి కదా?"

"మొన్న అన్నా. ఇప్పుడు ఇయ్యను."

అతను గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. కాశింబి గడపలో నిలబడి అంతా చూసింది. విప్పిన కుట్ల కోపం ఆమెకింకా పోలేదు.

"ఎవురూ కొనకపోతే?" అంది.

"కొనేదాకా చూపిస్తా."

ఆ వారమంతా ఫోన్ మోగుతూనే ఉంది. అడిగేవాళ్లే గానీ కొనేవాళ్లు లేరు. ఉసేనప్ప విసుక్కోలేదు. అడిగినదే అడిగినా, చెప్పినదే చెప్పాడు. ప్రతి పరుపుకూ ఒక మూల తెరిచే ఉంచాడు.

శనివారం పొద్దున రాజమండ్రి నుంచి ఒకామె ఫోన్ చేసింది. ముఖం కనపడేలా చేసింది.

"అన్నయ్యగారూ, గింజ ఫోటో పెట్టింది మీరేనాండి? మా అమ్మకి నడుం నొప్పండి. మెత్తటి పరుపులన్నిటి మీదా పడుకుని చూసిందండి, పడలేదు. ఆ మూల ఒకసారి చూపిస్తారా?"

ఉసేనప్ప ఫోన్‌ను నీళ్లచెంబుకు ఆనించి పెట్టాడు. మూలలో చెయ్యి పెట్టి దూది తీసి చూపించాడు.

"పైన మంచిదే పెడతారు లెండి. అడుగున చూపించండి."

మోచేతి దాకా దూర్చి అడుగు నుంచి తీశాడు. పీకి చూపించాడు. ఫోన్లో ఆమె పక్కన ఒక ముసలి ముఖం వచ్చి చేరింది. కళ్లు చికిలించి చాలాసేపు చూసింది.

కాశింబి ఎప్పుడు వచ్చిందో, సూదిలో దారం ఎక్కించి పక్కన నిలబడి ఉంది.

"సరే బాబూ, కుట్టెయ్యండి" అంది ముసలామె.

కాశింబి సూది అందించింది. ఉసేనప్ప దాన్ని తీసుకోలేదు.

"అవతలి పక్క కూడా చూడమ్మా" అని, మళ్లీ చెయ్యి లోపల పెట్టాడు.